సముద్రం లేని వూరి నావికుడు

2017లో 'ఘాజీ' సినిమా వచ్చినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు గానీ, మాకవరపాలెంలో వుండే మా మావయ్య మాత్రం "మరి రాజ్‌పుత్ ఊసేదమ్మా?" అన్నాడు. సినిమాలో పాకిస్తాన్ జలాంతర్గామిని మన జలాంతర్గామి ముంచుతుంది. చరిత్రలో ఆ రాత్రి విశాఖ నీళ్ళలోకి వెళ్ళింది రాజ్‌పుత్ అనే ముసలి డిస్ట్రాయరు.

మాకవరపాలెం సముద్రపు వూరు కాదు. నర్సీపట్నం దారిలో చెరుకుతోటల మధ్య వుంటుంది. ఆ మట్టిలోంచి వెళ్ళి మావయ్య విక్రాంత్ ఓడలో బాయిలరు గదిలో పనిచేశాడు. పాత స్నేహితుడెవరైనా వచ్చాడంటే భోజనాల వేళకి కూడా ఇద్దరూ ఓడ దిగరు. "మొదలెట్టారూ పురాణం!" అంటూ అత్తయ్య లోపలికి పోతుంది. వినేది నేనే.

రాజ్‌పుత్ 1942లో బ్రిటన్‌లో నీళ్ళలోకి దిగింది. అప్పుడు దాని పేరు రోథరం. రెండో ప్రపంచయుద్ధం చూసి, 1949లో మన చేతికొచ్చింది. 1971 నాటికి ఇక విశ్రాంతి ఇవ్వాల్సిన వయసు. ఘాజీ వెతుక్కుంటూ వచ్చింది విక్రాంత్ కోసం. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ని అండమాన్ల వైపు దాచేసి, రాజ్‌పుత్ చేత విక్రాంత్ మాట్లాడుతున్నట్టే వైర్‌లెస్ కబుర్లు పంపించాడు. ముసలమ్మకి పెళ్ళికూతురి ముసుగు వేసినట్టన్నమాట! డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పెద్ద పేలుడు వినిపించింది. ఘాజీలో ఒక్కరూ మిగల్లేదు. రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీల వల్లే మునిగిందని మనవాళ్ళంటారు. కాదు, వాళ్ళు పరిచిన మైన్లే వాళ్ళని ముంచాయనో, లోపలే ఏదో పేలిందనో పాకిస్తాన్ వాళ్ళంటారు. ఆ తగవు నేటికీ తెగలేదు. మావయ్య రాజ్‌పుత్ పక్షమే. కానీ అక్కడికొచ్చేసరికి గొంతు తగ్గిస్తాడు. "ఇంజను గదిలో పనిచేసేవాళ్ళు వాళ్ళకీ వుంటారు కదమ్మా" అంటాడు.

ఇక విక్రాంత్. 1943లో ఇంగ్లండులో కట్టడం మొదలుపెట్టి, యుద్ధం అయిపోగానే సగంలో వదిలేసిన ఓడ అది. మనం కొనుక్కుని బెల్‌ఫాస్టులో పూర్తి చేయించి, 1961 మార్చి 4న మన జెండా ఎగరేశాం. పదేళ్ళయ్యేసరికి బాయిలర్లలో పగుళ్ళు కనిపించాయి. జోరుగా పోవలసిన ఓడ, అంత పరుగెత్తితే ప్రమాదం. ఇక్కడే వుంది చిక్కు. పైనున్న విమానం లేవాలంటే రెక్కల కిందికి గాలి కావాలి. ఆ గాలి కోసం ఓడ ఎదురుగాలికి తిరిగి జోరుగా పోవాలి. జోరు తగ్గితే విమానానికి కష్టం, పెంచితే కిందనున్న మనుషులకి కష్టం. అలాంటి ఓడ మీంచే డిసెంబరు 4న సీహాక్ విమానాలు లేచి కాక్సెస్ బజారు మీద బాంబులు వేశాయి.

మావయ్యకి అప్పటికి పెళ్ళయి ఆరు నెలలు. ఓడ ఎక్కడుందో వుత్తరంలో రాయకూడదు. "క్షేమం" అన్న ఒక్క మాట కోసం అత్తయ్య పోస్టుమాను దారి చూసేదట. రేడియోలో విక్రాంత్ పేరు వినబడితే భయం, వినబడకపోతే మరీ భయం. అంతా అయ్యాక ఇంటికొచ్చిన మనిషి బాయిలరు పగుళ్ళ మాట ఆవిడతో అననే లేదు. ముప్ఫయ్యేళ్ళ తరవాత అరుగుమీద స్నేహితుడితో అంటుంటే గుమ్మంలోంచి విన్నది. "ఎప్పుడు పేల్తాదో తెలీని దాని పక్కన నిలబడి నాకు క్షేమం అని రాసేవా!" అన్నది. ఆ పూట ఆయన కంచంలోకి కూర రాలేదు. యుద్ధ చరిత్రలు రాసినవాళ్ళెవరూ యీ సంగతి రాయలేదు గానీ, రాయదగిందేనని నా అభిప్రాయం.

రాజ్‌పుత్‌ని 1976లో ముక్కలు చేశారు. విక్రాంత్ 1997 జనవరి 31న రిటైరయి, ముంబయిలో కొన్నాళ్ళు మ్యూజియంగా వుండి, 2014లో తుక్కు కింద అమ్ముడుపోయింది. ఆ లోహంలో కొంత కొని బజాజ్ వాళ్ళు 2016లో మోటారుసైకిళ్ళు వదిలారు. నర్సీపట్నంలో అలాంటి బండి ఒకటి కనబడితే మావయ్య దాని ట్యాంకు మీద చెయ్యేసి నిలబడిపోయాడు. "ఏటి తాతా, కొంతావా?" అన్నాడు కుర్రాడు. "ఎప్పుడో నడిపేసేన్రా" అన్నాడీయన.

ఆ పాత తరంలో మనకి దగ్గరగా మిగిలింది కుర్సురా. 1969 డిసెంబరు 18న సోవియట్ యూనియన్‌లోని రీగాలో మన నౌకాదళంలో చేరిన జలాంతర్గామి. మధ్యలో కొన్నేళ్ళు దాని విడిభాగాలు తీసి తక్కిన జలాంతర్గాములకి వేశారు. మళ్ళీ బాగుచేయించుకుని, 2001 దాకా కొలువు చేసింది. 2002లో విశాఖ బీచి ఇసుకలోకి లాక్కొచ్చి జనానికి తలుపులు తెరిచారు. పొడవు 91 మీటర్లు. వెడల్పు మాత్రం ఎదురుగా ఎవరైనా వస్తే పక్కకి ఒత్తిగిలవలసినంత. గైడ్లు కూడా రిటైరయిన నేవీవాళ్ళే.

ఆ మధ్య అత్తయ్యా మావయ్యలతో వెళ్ళాను. గుండ్రటి ద్వారాల దగ్గర మేమంతా తల కొట్టుకుంటూ, చీరకుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుంటూ అవస్థ పడుతుంటే, మావయ్య ఎవరూ చెప్పకుండానే కాలు ముందు పెట్టి, తల వంచి, చులాగ్గా దాటేశాడు. గైడు గమనించినట్టున్నాడు. చెబుతున్న పాఠం ఆపి, "తమరిది ఏ ఓడండీ?" అన్నాడు.

అంతే, వెనక క్యూ ఆగిపోయింది. అత్తయ్య అక్కడి ఇరుకు పడకల కేసి చూస్తూ, "కానియ్యండి, ఇవాళ తొందరేం లేదు" అన్నది.