అర్థముకాని సందేశము

తనకు తెలియని పని చెప్పినప్పుడు కంప్యూటరు ఏమి చేయవలెను? తప్పని చెప్పి నిలిచిపోవుటయే సహజమని మనకు తోచును. అమెరికాలోని పాలో ఆల్టోలో, జిరాక్స్ పరిశోధనాలయమున, 1970 దశకములో అలన్ కే, డాన్ ఇంగాల్స్, అడెల్ గోల్డ్‌బర్గ్ మున్నగువారు రూపొందించిన స్మాల్‌టాక్ అను కంప్యూటరు భాష వేరొక సమాధానము చెప్పినది.

ఆ భాషలో అంకె మొదలు ప్రతిదియు ఒక వస్తువే. వస్తువులు ఒకదానికొకటి సందేశములు పంపుకొనుటచే పని జరుగును. సందేశమునకు తగిన పద్ధతిని మొదట ఆ వస్తువు చెందిన వర్గములో వెదకుదురు. లేనిచో దాని మాతృవర్గములో, పిదప ఆ పైదానిలో. ఇట్లు అన్నిటికి మూలమైన వర్గము వరకు పోయినను దొరకనిచో?

1983లో గోల్డ్‌బర్గ్, డేవిడ్ రాబ్సన్ గ్రంథరూపమున వివరించిన స్మాల్‌టాక్-80లో జరుగునది గమనింపదగినది. దొరకని సందేశము పేరును, దానితో వచ్చిన విలువలను ఒక పొట్లముగా కట్టి, 'డజ్ నాట్ అండర్‌స్టాండ్', అనగా 'అర్థము కాలేదు' అను క్రొత్త సందేశముతో అదే వస్తువునకు పంపుదురు. వైఫల్యమే సందేశమైనది! మామూలుగా దీని ఫలితము తెరపై దోషసూచన మాత్రమే. కాని ఏ వర్గమైనను దీనికి తన సొంత సమాధానము వ్రాసికొనవచ్చును. ఇల్లు మారినవాని యుత్తరముపై క్రొత్త చిరునామా వ్రాసి మరల తపాలాలో వేసినట్లు, ఆ పొట్లమును వేరొక వస్తువునకు పంపివేయవచ్చును.

1986లో జెఫ్రీ పాస్కో దీనిని చక్కగా వాడుకొనెను. ఒక వస్తువు చుట్టును వేరొక వస్తువును కవచముగా నిలిపి, వచ్చిన ప్రతి సందేశమునకు ముందును, వెనుకను కావలసిన పని చేయించెను. ఇందొక చమత్కారము కలదు. కవచమునకు తెలిసిన సందేశము దానియొద్దనే ఆగిపోవును. తెలియనిదే లోపలికి పోవును. కావున కవచమునకు ఎంత తక్కువ తెలిసిన అంత మేలు! మూలవర్గమునుండి వారసత్వముగా వచ్చు జ్ఞానము సైతము దానికి అడ్డంకియే.

బ్రాడ్ కాక్స్, టామ్ లవ్ 1980 దశకారంభమున నిర్మించిన ఆబ్జెక్టివ్-సి భాషకును ఈ యేర్పాటు సంక్రమించినది. నెక్స్ట్ కంపెనీ దీని సాయముననే సందేశములను వేరొక కంప్యూటరులోని వస్తువులకు పంపెను. 1995లో వెలువడిన రూబీ భాషలో దీని పేరు 'మెథడ్ మిస్సింగ్'.

అయితే ఇది ఊరక వచ్చిన సౌకర్యము కాదు. పేరులో ఒక అక్షరము తప్పు వ్రాసినను, అది అచ్చటనే పట్టుబడక దూరమునకు పోయి బయటపడును. దాని జాడ తీయుట కష్టము. మరియు, సందేశమును దారి మళ్లించు వస్తువును 'నీకిది తెలియునా?' యని అడిగినచో, చేయించగలిగియు 'తెలియదు' అనును. ఈ చిక్కు తీర్చుటకు 2010లో రూబీ 1.9.2 లో ఆ ప్రశ్నకు జవాబు వ్రాసికొనుటకు ప్రత్యేకముగా మరియొక పద్ధతిని చేర్చవలసి వచ్చినది.