రెండవ ట్యాంకు: రేకుడబ్బా నుండి జెర్రీక్యాను దాకా



పోయిన నెలలో నా పూర్వవిద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. వాళ్ల నాన్నగారు వాడిన పాత డీజిలు జీపును బాగుచేయించుకొని మన్యంలో తిప్పుకుంటున్నాడు. "మాస్టారూ! డ్రైవరు సీటు కింద ఉన్న ట్యాంకుకు తోడు పక్క సీటు కింద ఇంకొకటి పెట్టిద్దామనుకుంటున్నాను. మెకానిక్కేమో ఎందుకండీ ఖర్చు, వెనకాల ఒక డబ్బా కట్టుకుంటే చాలదా అంటున్నాడు. మీరేమంటారు?" అని అడిగాడు.

తెలుగు పండితుణ్ణి అడగవలసిన ప్రశ్న కాదది. కాని 'డబ్బా' అన్న మాట చెవిని పడగానే నాకు 1983 జనవరి 5వ తేదీ రాత్రి కళ్లముందు నిలిచింది.

అది శాసనసభ ఎన్నికల రోజు. ఉద్యోగంలో చేరిన కొత్త. ఏజెన్సీ గ్రామంలో పోలింగు ముగించుకొని బ్యాలెట్ పెట్టెలతో జీపులో తిరిగివస్తున్నాము. మాతో ఉన్న లెక్కల మాస్టారికి మధ్యాహ్నం నుండీ చలిజ్వరం. ఘాట్‌లో సగం దూరం దిగాక బండి ఆగిపోయింది. డ్రైవరు నింపాదిగానే దిగాడు, వెనుక కట్టిన రేకుడబ్బాలో పెట్రోలున్నదన్న ధీమాతో. తీరా చూస్తే డబ్బా ఖాళీ! మూల అతుకు దగ్గర సన్నని చీలిక. కుదుపులకు దారిపొడవునా చుక్కచుక్కగా కారిపోయింది. తెల్లవారేదాకా పెట్టెలకు కాపలా కాస్తూ, ఆయనకు మా దుప్పట్లన్నీ కప్పి కూర్చున్నాము. మరునాడు మధ్యాహ్నానికి గాని ఆయన ఆసుపత్రి చేరలేదు. మళ్లీ బడికి రాలేదు.

ఆ డబ్బాకు ఒక చరిత్ర ఉన్నదని నాకు చాలా ఏళ్ల తరువాత తెలిసింది.

మన తరం వారెవరికీ ఆ డబ్బాను వర్ణించి చెప్పనక్కరలేదు. నాలుగు గాలన్లు, అంటే సుమారు 18 లీటర్లు పట్టే నలుచదరపు రేకుడబ్బా. కిరసనాయిలు అయిపోయాక పైరేకు కోసి, అడ్డంగా కర్ర బిగించి, కావడికి కట్టి నీళ్లు మోసేవాళ్లు. రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటిషు సైన్యం ఉత్తర ఆఫ్రికా ఎడారిలో పెట్రోలు మోసినది ఇటువంటి డబ్బాలలోనే. రేకు పలుచన, అతుకులు బలహీనం. సైనికులు దానికి పెట్టిన పేరు 'ఫ్లిమ్సీ', అనగా పస లేనిది. బయలుదేరిన పెట్రోలులో మూడో వంతుకు దగ్గరగా గమ్యం చేరకుండానే ఇసుక పాలయ్యేదని నాటి సేనానులే వాపోయారు. ఖాళీ డబ్బాను కోసి, ఇసుక నింపి, పెట్రోలు పోసి ముట్టించి టీ కాచుకోవడానికి మాత్రం అది చక్కగా పనికివచ్చింది!

ఎడారిలో ఇంధనం విలువ బాగా ఎరిగినవాడు రాల్ఫ్ బ్యాగ్నోల్డ్ అనే ఇంజనీరు సైన్యాధికారి. 1920ల చివర, 1930ల మొదట్లో ఫోర్డు కార్లతో లిబియా ఎడారిలో దారిలేని చోట తిరిగాడు. ఆయన ఎదుర్కొన్న చిక్కు లెక్కల మాస్టారు ఇచ్చే సమస్య వంటిది. దూరం పోవాలంటే ఎక్కువ పెట్రోలు మోయాలి. ఎక్కువ మోస్తే బరువు పెరిగి చక్రాలు ఇసుకలో కూరుకుంటాయి, ఆ బరువు మోయడానికే మరికొంత పెట్రోలు ఖర్చవుతుంది. అందువల్ల ముందుగానే దారిలో నిలవలు ఉంచుకొని, వాటిని అందుకుంటూ ముందుకు సాగే పద్ధతి అవసరమయింది. 1940లో కైరోలో ఆయన నెలకొల్పిన లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ ఈ అనుభవం మీదనే నిలిచింది. తొలి సైనికులలో అధికులు న్యూజీలాండు వారు. మన అశ్వికదళాల సైనికులతో ఏర్పడిన ఇండియన్ లాంగ్ రేంజ్ స్క్వాడ్రన్ కూడా 1942లో వీరితో కలిసి పనిచేసింది.

శత్రువు చేతిలోని పాత్ర వేరు. 1930ల రెండవ భాగంలో జర్మన్లు 20 లీటర్ల ఉక్కు క్యాను రూపొందించారు. రెండు అచ్చురేకులను ఒకే అతుకుతో వెల్డింగు చేసి, ఆ అతుకు దెబ్బ తగలకుండా లోనికి ఉంచారు. పక్కలమీది గుర్తు వంటి పల్లాలు రేకుకు బలమిస్తాయి, ఎండకు ద్రవం వ్యాకోచిస్తే చోటిస్తాయి. పైన మూడు పిడులు. నిండుదైతే ఇద్దరు చెరొక పక్క పట్టుకోవచ్చు, ఖాళీవైతే ఒక్కడే చేతికి రెండేసి మోయవచ్చు. మూత మీట నొక్కితే బిగుస్తుంది, గరాటు లేకుండానే పోయవచ్చు. జర్మన్లను బ్రిటిషు సైనికులు 'జెర్రీ' అనేవారు గనుక అది 'జెర్రీక్యాను' అయింది. శత్రువు పేరుతోనే వాడుకలో స్థిరపడిన వస్తువు!

ఈ కథలో మన దేశానికీ పాలున్నది. పాల్ ప్లైస్ అనే అమెరికను ఇంజనీరు 1939లో ఒక జర్మను మిత్రునితో బెర్లిను నుండి కారులో భారతదేశానికి బయలుదేరాడనీ, అత్యవసరానికి నీళ్లు నింపుకోవడానికి ఆ మిత్రుడు విమానాశ్రయపు నిలవల నుండి మూడు క్యాన్లు తెచ్చాడనీ, వాటితో ప్లైస్ కలకత్తా చేరాడనీ చెబుతారు. ఆయన స్వదేశానికి వెళ్లి ఈ క్యాను గొప్పతనం చెబితే మొదట ఎవరూ చెవిని పెట్టలేదట. తరువాత అమెరికా చేసిన నకలులో అతుకు తీరూ మూతా మార్చి, మళ్లీ గరాటు అవసరమయ్యేటట్లు చేశారు. బ్రిటిషువారు ఉన్నదున్నట్లు అనుకరించి బాగుపడ్డారు. బుద్ధిగా కాపీ కొట్టడం కూడా ఒక విద్యే!

1941 నుండి పెద్దయెత్తున తయారైన జీపుకు డ్రైవరు సీటు కింద సుమారు 57 లీటర్ల ట్యాంకు ఉండేది. వెనుక విడిచక్రం పక్కన క్యాను నిలపడానికి ఒక చట్రం. యుద్ధం ముగిశాక 1948లో వచ్చిన లాండ్‌రోవరుకు సీటు కింద పది గాలన్ల ట్యాంకు. దూరప్రయాణాల వారు రెండవ సీటు కింద ఇంకొకటి అమర్చుకొని, మార్చుకోవడానికి నడుమ ఒక కుళాయి పెట్టుకునేవారు. ఆస్ట్రేలియాలో టొయోటా ల్యాండ్ క్రూజర్ 'ట్రూప్ క్యారియర్'ను 90 లీటర్ల ట్యాంకులు రెండింటితో అమ్మారు. క్యాను బండెక్కిన అతిథి, రెండవ ట్యాంకు ఇంటిమనిషి.

ఇంటిమనిషికీ కొన్ని మర్యాదలు కావాలి. దాని గాలిగొట్టం దానికే ఉండాలి, లేకపోతే లోపల గాలి చొరక ఇంధనం కదలదు. లోపల అడ్డురేకులు ఉండాలి, లేకపోతే మలుపుల్లో చమురు ఒరిగి బండిని తూలిస్తుంది. 50 లీటర్ల డీజిలు 40 కిలోలకు పైనే తూగుతుంది కదా! అన్నిటికన్న ముఖ్యమైనది మరొకటి. డీజిలు ఇంజను తాను వాడగా మిగిలినదాన్ని ఇంకొక గొట్టం ద్వారా ట్యాంకుకు తిరిగి పంపుతుంది. కుళాయి తిప్పినప్పుడు ఆ గొట్టం కూడా మారాలి. లేకపోతే ఒక ట్యాంకు నుండి తీసి రెండవదానిలో పోస్తూ, నిండినదాన్ని పొర్లిస్తుంది.

మా వాడికి ఇదంతా చెప్పాను. "పాఠం బాగుంది మాస్టారూ, మరి పెట్టించమంటారా వద్దా?" అన్నాడు నవ్వుతూ. లెక్కల మాస్టారి సంగతి చెప్పాను. వాడి నవ్వు ఆగిపోయింది.

"పెట్టించు నాయనా. అయితే పెట్టించిన రోజే కొండెక్కకు. రెండు ట్యాంకులూ నింపి, బండి కింద పాత వార్తాపత్రికలు పరిచి ఒక రాత్రి ఉంచు. తెల్లవారి కాగితం మీద ఒక్క మరకైనా లేకపోతేనే బయలుదేరు" అన్నాను.

మొన్న ఆదివారం ఉదయం వాడి దగ్గరనుండి ఫోను. "మాస్టారూ, కాగితాలు పొడిగా ఉన్నాయి" అన్నాడు.