మచ్చలున్న చంద్రుడు

ఆకాశాన్ని ప్రేమించేవాడు దుర్భిణీతో తృప్తి పడడు. శనివలయాలను కంటితో చూచిన రాత్రి గడిచాక, గ్రహాలను చిత్రించిన పటాలూ, నక్షత్రాల పేర కూర్చిన సంగీతమూ, చంద్రయాత్రను చూపే చలనచిత్రాలూ వెతుక్కుంటాడు. మన మిత్రులలో కొందరు దీనిని పలాయనవాదమంటారు. నేలమీద ఆకలి తీరకుండా నింగివైపు యీ చూపేమిటని వారి ప్రశ్న. అది తోసివేయదగిన ప్రశ్న కాదు. అయితే సమాధానం చెప్పవలసింది చరిత్ర.

1609వ సంవత్సరం వేసవిలో ఇంగ్లండులో హారియట్ అనే పండితుడు దుర్భిణీతో చంద్రుని చూచి బొమ్మ గీశాడు. కొన్ని నెలల తర్వాత ఇటలీలో గెలీలియో కూడా చూచాడు. చూచింది ఒకే చంద్రుణ్ణి. కాని చీకటి వెలుగుల సరిహద్దున కనిపించిన వంకర గీతలు కొండల నీడలని గ్రహించినవాడు గెలీలియో. చిత్రలేఖనంలో అతనికి వున్న శిక్షణ నీడను చదవడం నేర్పింది. అంటే శాస్త్రానికి కళ చేసిన సహాయం అలంకారప్రాయమైనది కాదు; చూపునే మార్చిన సహాయం.

ఆ రుణాన్ని అతని స్నేహితుడూ చిత్రకారుడూ అయిన చిగోలి వెంటనే మరొక రూపంలో తీర్చాడు. రోములో శాంతా మారియా మజ్జోరే ఆలయంలో, ఐదవ పాల్ పోపు కట్టించిన ప్రార్థనా మందిరపు గోపురం లోపల 1612 నాటికి అతడు కన్య మేరీని చిత్రించాడు. ఆమె పాదాల కింద చంద్రుడున్నాడు. సంప్రదాయం ప్రకారం ఆ చంద్రుడు మచ్చలేని స్వచ్ఛమైన గోళం కావాలి. చిగోలి గుంటలతో, మచ్చలతో, గెలీలియో చూపిన చంద్రుణ్ణే గీశాడు. అదే పోపు కాలంలో, 1616లో, భూమి తిరుగుతుందనే సిద్ధాంతాన్ని మతపీఠం నిషేధించింది. 1633లో గెలీలియోను విచారించి శిక్షించింది. గోపురంలోని చంద్రుడు మాత్రం చెక్కుచెదరలేదు. గ్రంథాన్ని నిషేధించినవారి తలలపైనే సత్యం బొమ్మగా నిలిచివుంది.

సంగీతం దారి వేరు. 1781లో యురేనస్‌ను కనుగొన్న విలియం హెర్షెల్ బాత్ నగరంలో ప్రార్థనాలయపు ఆర్గన్ వాయించి పొట్టపోసుకున్న సంగీతకారుడు. అతనికి దుర్భిణీ అద్దాలు కొనిపెట్టింది సంగీతపాఠాల సంపాదనే. కాని గ్రహాల పేర అత్యంత ప్రసిద్ధి పొందిన సంగీతం, 1914-16 మధ్య గుస్తావ్ హోల్స్ట్ కూర్చినది, పుట్టింది ఖగోళశాస్త్రం నుంచి కాదు, జ్యోతిషం నుంచి. అందులో ఏడు గ్రహాలున్నాయి, భూమి లేదు. ఆ సంగీతం విని అభిమాని పులకించడంలో తప్పు లేదు. పులకింతను చూచి జ్యోతిషం నిజమనుకుంటే తప్పు.

ఇక చలనచిత్రం. 1902లో మెలియే తీసిన చంద్రయాత్రలో ఖగోళ పండితులు మంత్రగాళ్ల టోపీలు పెట్టుకుంటారు. ఫిరంగిగుండులో ఎగిరి చంద్రుని కంట్లో దిగబడతారు. అక్కడివారిని గొడుగులతో కొట్టి, ఒకణ్ణి బందీగా తెచ్చి వూరేగిస్తారు. ఆనాటి సామ్రాజ్యాల దండయాత్రలు ఎరిగినవారికి యీ నవ్వులోని చురుకు బోధపడకపోదు.

1929లో జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ‘చంద్రునిలో స్త్రీ’ చిత్రానికి రాకెట్ శాస్త్రజ్ఞుడు ఓబర్త్ సలహాదారు. రాకెట్ విడిచే ముందు అంకెలను వెనక్కు లెక్కపెట్టడం జనానికి పరిచయం చేసింది ఆ చిత్రమే. నాజీలు వచ్చాక లాంగ్ దేశం విడిచాడు. రాకెట్ రహస్యాలు పొక్కుతాయని చిత్రాన్ని ప్రదర్శనల నుంచి తొలగించారు. 1942 అక్టోబరు 3న తొలిసారి సఫలంగా ఎగిరిన వి-2 రాకెట్ మీద ఆ చిత్రం గుర్తునే రంగులతో వేశారు. తర్వాత ఆ రాకెట్లను తయారుచేసిన డోరా నిర్బంధ శిబిరంలో సుమారు 60,000 మంది ఖైదీలు మగ్గారు. వారిలో 20,000 మంది దాకా మరణించారు. ఆ రాకెట్ నిర్మాణానికి నాయకుడైన వాన్ బ్రౌన్ 1952 నుంచి అమెరికా పత్రికలలో, బోన్‌స్టెల్ గీసిన మనోహర చిత్రాల పక్కన, రోదసీయాత్రను వర్ణించాడు. పాఠకులు పటాలను చూచారు; డోరాను వారికెవరూ చూపలేదు.

రష్యాలో కథ మరొక విధంగా ప్రారంభమయింది. బాల్యంలోనే వినికిడి కోల్పోయిన బడిపంతులు త్సియోల్కోవ్‌స్కీ 1903లోనే రోదసీయాత్రకు రాకెట్ మార్గమని లెక్కలతో ప్రకటించాడు. జురవ్‌ల్యోవ్ దర్శకత్వంలో తయారైన ‘రోదసీయాత్ర’ చిత్రం కోసం, భారం లేనిచోట మనిషి ఎలా తేలుతాడో స్వయంగా బొమ్మలు గీసి చూపాడు. 1935లో మరణించాడు, చిత్రం 1936లో విడుదలయింది, అతడు చూడలేదు. అయితే మనం ఒక కన్ను మూసుకొని చరిత్ర చదవరాదు. స్పుత్నిక్‌ను ఎత్తిన రాకెట్ ఖండాంతర క్షిపణిగా పుట్టినదే. దాని నిర్మాత కొరొల్యోవ్ 1938లో అన్యాయంగా అరెస్టయి కొలీమా శిబిరంలో బాధలు పడినవాడు. 1966లో మరణించేదాకా అతని పేరును ప్రజలకు చెప్పలేదు.

కాబట్టి మిత్రుల ప్రశ్నను కొంచెం సవరించుకోవాలి. ఆకాశాన్ని చూడవచ్చునా అని కాదు. చూపే బొమ్మ ఏమి దాస్తున్నదని అడగాలి. చిగోలి బొమ్మ మచ్చను దాచలేదు. పత్రికల పటాలు డోరాను దాచాయి. అందం రెండింటిలోనూ వుంది. విమర్శకుని పని యీ తేడాను పట్టుకోవడం.

1965 మార్చి 18న లియొనోవ్ మానవజాతిలో మొదటివాడుగా నౌక వెలుపలికి వచ్చి పన్నెండు నిమిషాలు శూన్యంలో తేలాడు. దుస్తులు వుబ్బిపోయి తిరిగి లోనికి రావడమే ప్రాణాంతకమయింది. ఆ ప్రయాణంలోనే, వెంట తీసుకుపోయిన రంగు పెన్సిళ్లతో సూర్యోదయాన్ని గీశాడు. చావు అంచు నుంచి వచ్చిన మనిషి చేతిలో పెన్సిలు వుండడాన్ని పలాయనమని ఎలా అనగలం? ఆ బొమ్మలో పైన నల్లని శూన్యముంది, మధ్య రంగుల పొరలున్నాయి. కింద వంపు తిరిగి వున్నది మన భూమి. హోల్స్ట్ సంగీతంలో లేని గ్రహం అదే.