కృష్ణా డెల్టాలో ఉన్నతవిద్య: విద్యార్థిస్థానము, ఆచార్యస్థానము

అణగారిన వర్గముల ఉన్నతవిద్యను గూర్చి వ్రాయువారు సామాన్యముగా విద్యార్థుల ప్రవేశమునే గణింతురు. ఆచార్యస్థానము నెవరలంకరించిరను ప్రశ్న వెనుకబడుచున్నది. మొదటిది నెరవేరినంతమాత్రమున రెండవది తనంతట సిద్ధింపదని మా అభిప్రాయము. కృష్ణా డెల్టా చరిత్ర యిందులకు నిదర్శనము.

1855లో బెజవాడకడ కృష్ణపై ఆనకట్ట పూర్తియైన పిదప డెల్టా సంపన్నమయ్యెను. ఆ సంపద భూమిగలవారి బిడ్డలకు కళాశాలల దారి చూపెను. ఆ పొలములలోనే శ్రమించిన మాల మాదిగలకు ఆ దారి చిరకాలము మూసియుండెను. వారిలో పలువురకు మిషనరీ పాఠశాలలే తొలి ఆశ్రయములు. 1917 నవంబరులో బెజవాడయందు భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభ ‘పంచమ’ నామమును త్రోసిపుచ్చి ‘ఆది ఆంధ్ర’ నామమును స్వీకరించెను. 1922లో మద్రాసు ప్రభుత్వము దాని నంగీకరించెను.

ఆ సభకు తొమ్మిదేండ్ల పిదప, 1926లో, ఆంధ్ర విశ్వవిద్యాలయము అదే బెజవాడ కేంద్రముగా వెలసి, 1930లో వాల్తేరునకు తరలెను. విశ్వవిద్యాలయము వెలసినను జీతము, వసతి, భోజనము ఎట్లు సమకూరునను చిక్కు బీదవిద్యార్థికి తీరలేదు. 1944లో భారతప్రభుత్వము షెడ్యూల్డు కులములవారి పైచదువులకై నెలకొల్పిన విద్యార్థివేతనములు దానిని కొంత తీర్చెను. 1951లో మద్రాసు రాష్ట్రపు కళాశాలాస్థానముల కేటాయింపును సుప్రీంకోర్టు కొట్టివేసెను. డెల్టా అప్పుడా రాష్ట్రములోనిదే. ఆ యేటనే రాజ్యాంగమునకు మొదటి సవరణ జరిగి, విద్యాప్రవేశమునకు రక్షణ కలిగెను.

ఇక ఆచార్యస్థానము. నది కావలిగట్టున, గుంటూరు జిల్లా వేజెండ్లలో 1939లో దళితకుటుంబమున జన్మించిన కొలకలూరి ఇనాక్ తెలుగు ఆచార్యులై, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయమునకు ఉపకులపతి అయిరి. ఆ ప్రతిభ వందనీయము. అయినను ఒక్కరి యున్నతినిబట్టి వ్యవస్థ మారినదని నిర్ణయింపరాదు.

కారణము నియామకపు లెక్కలో నున్నది. కేంద్రవిద్యాసంస్థల క్రమమున షెడ్యూల్డు కులములవారి తొలివంతు ఏడవది, తెగలవారిది పదునాలుగవది. శాఖనే ప్రమాణముగా గొన్నచో ఆరు పదవులుగల శాఖలో తొలి నియామకములన్నియు ముగిసినను వారి వంతు రాదు. సంస్థ నంతటిని ఒకటిగా గణించినచో వచ్చును. 2017లో అలహాబాదు హైకోర్టు శాఖనే ప్రమాణమనెను. 2019లో పార్లమెంటు చట్టముచేసి కేంద్రసంస్థలకు సంస్థనే ప్రమాణముగా నిలిపెను.

విద్యార్థికి వేతనము నొసగి, బోధించువాడు తనవాడు కూడ కావచ్చునను నమ్మకము నొసగనిచో ఆ సాయము సగమే. 1917నాటి బెజవాడ సభవారు గౌరవప్రదమైన పేరును కోరిరి. ఆ పేరు హాజరుపట్టీయందే గాక ఆచార్యుల పట్టికయందును కానవచ్చినప్పుడే వారి కోర్కె సంపూర్ణమగునని మేము తలంచుచున్నాము.