ఫాస్టస్ ఏం కొనుక్కున్నాడు?

పదవీ విరమణకు రెండేళ్ళ ముందు ఒకనాడు, ఇంగ్లీషు మాస్టారు సెలవు పెట్టడం చేత పదవ తరగతి పిల్లలను నాకు అప్పగించారు. తెలుగు పండితుడు ఇంగ్లీషు పాఠం చెప్పడం బాగుండదు గనుక డాక్టర్ ఫాస్టస్ కథ చెప్పి గంట గడిపాను. సకల శాస్త్రాలూ చదివి, వాటితో తృప్తి చెందని పండితుడొకడు 24 ఏళ్ళ వైభవానికి తన ఆత్మను సైతానుకు వ్రాసి ఇచ్చాడు, గడువు తీరగానే సైతాను వచ్చి పట్టుకుపోయాడు. నాకు తెలిసిన కథ అంతే. ముగించేసరికి వెనుక బల్ల మీది అమ్మాయి ఒకతె లేచి, "అయితే మాస్టారూ, ఆ ఇరవై నాలుగేళ్ళలో ఆయన కొత్తగా ఏం నేర్చుకున్నాడండీ?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. నేను చదివినది ఎవరో వ్రాసిన సంగ్రహం మాత్రమే. సిగ్గుపడి, మార్లో నాటకం సంపాదించి, నిఘంటువు పక్కన పెట్టుకొని మూలం చదివాను.

ముందుగా చరిత్ర కొంత. ఫౌస్ట్ కేవలం కల్పిత పాత్ర కాదు. 16వ శతాబ్ది తొలినాళ్ళలో జర్మనీలో ఆ పేరు పెట్టుకొని ఊరూరా తిరుగుతూ జాతకాలు చెప్పిన మాంత్రికుడొకడు నిజంగానే ఉండేవాడు. ట్రిథేమియస్ అనే మఠాధిపతి 1507లో వ్రాసిన లేఖలో అతణ్ణి వట్టి వాచాలుడని, మోసగాడని ఈసడించాడు. ఆ మనిషి 1540 ప్రాంతంలో పోయాడు. పోయిన తర్వాతనే పెరిగాడు. 1587లో ఫ్రాంక్‌ఫర్టులో యోహాన్ ష్పీస్ అనే ముద్రాపకుడు అతని కథను పుస్తకంగా అచ్చు వేశాడు. వ్రాసినవాడి పేరు అందులో లేదు. రక్తంతో సంతకం, 24 ఏళ్ళ గడువు, చివర ఘోరమైన చావు అన్నీ అందులోనే ఉన్నాయి. మన వ్రతకథలకు ఫలశ్రుతి ఉన్నట్టే దానికీ ఉంది: భగవంతుని విడిచి అతిగా తెలుసుకోగోరినవాడి గతి ఇదీ అని.

ఆ కథ ఇంగ్లీషులోకి వెళ్ళి క్రిస్టఫర్ మార్లో చేతిలో పడింది. మార్లో కాంటర్‌బరీ పట్టణంలో చెప్పులు కుట్టేవాని కొడుకు. విద్యార్థి వేతనం మీద కేంబ్రిడ్జిలో చదివాడు. 1593లో, 29 ఏళ్ళ వయసులో, కత్తిపోటుకు చనిపోయాడు. నాటకం అచ్చయినది 1604లో. చదువు వల్ల పైకి వచ్చి, ఆ చదువు ఎంతవరకు తీసుకుపోగలదో చూచినవాడు వ్రాసిన నాటకమిది. ఫాస్టస్ మీద అతనికి జాలి ఉంది. జర్మన్ పుస్తకానికి అది లేదు.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. ఫాస్టస్ వ్రాసి ఇచ్చినది శుద్ధమైన దానపత్రం. షరతులు వరుసగా ఉంటాయి, మన రిజిస్ట్రారు ఆఫీసు దస్తావేజులాగే. వ్రాస్తూ ఉండగా చేతినుంచి కారే రక్తం గడ్డకట్టుకుపోతుంది. మెఫిస్టోఫిలిస్ నిప్పు తెచ్చి దాన్ని కరిగిస్తాడు. అడిగినదల్లా చెప్పాలన్నది ఫాస్టస్ మొదటినుంచీ కోరిన కోరిక. సంతకమైన తర్వాత ఖగోళం గురించి అడుగుతాడు. భూమిని మధ్యన పెట్టి చుట్టూ గోళాలను తిప్పే పాత పాఠమే వినిపిస్తుంది. కోపర్నికస్ గ్రంథం అచ్చయినది 1543లో. ఆ కబురు నరకానికి ఇంకా చేరినట్టు లేదు! ఇవన్నీ మా శిష్యుడు వాగ్నరుకు కూడా తెలిసినవే గదా అని ఫాస్టసే విసుక్కుంటాడు. ఈ చోట పుస్తకం మూసి కాసేపు ఊరకే కూర్చున్నాను. ఆత్మను అమ్ముకొని శిష్యునికి వచ్చిన పాఠం కొన్నాడు ఆ గురువు. ఆ తర్వాత, ఈ ప్రపంచాన్ని ఎవరు సృష్టించారని అడుగుతాడు. మెఫిస్టోఫిలిస్ చెప్పనంటాడు. అన్నీ చెబుతానన్నావు గదా అని నిలదీస్తే, మా రాజ్యానికి విరుద్ధం కానివే చెబుతానంటాడు. అసలు ప్రశ్న ఆ ఒక్కటే. దానికే జవాబు లేదు.

అటుపైన ఫాస్టస్ ప్రశ్నలు అడగడం తగ్గిపోతుంది. డ్రాగన్లు పూన్చిన రథమెక్కి లోకాలు చూడబోయాడని కోరస్ చెబుతుంది గాని, కొత్తగా ఏం తెలిసిందో చెప్పదు. పోపుగారి విందులో కంటికి కనబడకుండా పళ్ళేలు లాగేస్తాడు. ఒక ప్రభువు తలమీద కొమ్ములు మొలిపిస్తాడు. గుర్రాల బేరగాడికి గడ్డిమోపును గుర్రమని అంటగడతాడు. గర్భవతి అయిన ఒక డచెస్ జనవరి నెలలో ద్రాక్షపళ్ళు కోరితే క్షణంలో తెప్పిస్తాడు. ఇక్కడ చలికాలమైతే ఇండియా వంటి దేశాల్లో వేసవి అని వివరణ కూడా ఇస్తాడు! మన పేరు ఎక్కడెక్కడ తగులుతుందో చూడండి. నాటకం మొదట్లో బంగారం కోసం భూతాలను ఇండియాకు పంపుతానన్నదీ ఇతడే. బంగారం, సామ్రాజ్యం అన్న నోరు చివరకు ఒక గుత్తి ద్రాక్షతో సరిపెట్టుకొంది. ఈ హాస్య దృశ్యాలు మార్లో వ్రాసినవి కావని, నాటకాన్ని చెడగొట్టాయని అనే విమర్శకులున్నారు. ఎవరు వ్రాసినా నాకు మాత్రం అవే నాటకానికి గుండెకాయ అనిపిస్తాయి.

జర్మనీలో గోథే సుమారు అరవై ఏళ్ళు ఇదే కథను పట్టుకొని ఉన్నాడు. మొదటి భాగం 1808లో వచ్చింది. రెండవది 1832లో, ఆయన పోయిన తర్వాత. గోథే చేసిన పెద్ద మార్పు గడువు తీసివేయడం. ఇక్కడ ఉన్నది అమ్మకం కాదు, పందెం. ఏదో ఒక క్షణంలో ఇది చాలు, ఇక్కడే నిలిచిపోవాలి అనిపిస్తే ఓడినట్టు. తృప్తి లేకపోవడమే పాపమన్న పాత కథ తలక్రిందులై, తృప్తి పడడమే ఓటమి అయింది. రంగస్థలం మీది ప్రస్తావనకు కాళిదాసు శాకుంతలమే ప్రేరణ అని పండితుల మాట. ఫోర్‌స్టర్ జర్మన్ అనువాదం 1791లోనే వచ్చింది, గోథే దాన్ని నోరారా మెచ్చుకొన్నాడు. అంతటి మహాకవికి నమస్కరిస్తూనే ఒక మాట చెప్పాలి. ఆ పందెం ఖర్చు ఫౌస్ట్ ఇచ్చుకోలేదు. గ్రెట్చెన్ అనే పిల్ల తల్లిని, అన్నను, బిడ్డను, చివరకు ప్రాణాన్ని పోగొట్టుకొంది. సముద్రాన్ని వెనక్కు నెట్టి సాగుచేసిన నేలకు అడ్డమని ఒక ముసలి దంపతులు గుడిసెతో సహా కాలిపోయారు. ఫౌస్ట్ ఆత్మను మాత్రం దేవదూతలు మోసుకుపోయారు. నాకు ఇది మింగుడు పడదు.

మన వాఙ్మయంలో ఆత్మను కొనే సైతాను లేడు. వరాలిచ్చేది దేవతలే. అయినా ఫాస్టస్‌ను చదువుతున్నంతసేపూ అరణ్యపర్వంలోని యవక్రీతుడు కళ్ళ ముందు మెదిలాడు. భరద్వాజుని కొడుకు. రైభ్యునికీ ఆయన కొడుకులకూ జరిగే గౌరవం చూచి ఓర్వలేక, గురువు లేకుండానే వేదాలన్నీ రావాలని తపస్సు చేశాడు. ఇంద్రుడు ముసలి బ్రాహ్మణ వేషంలో వచ్చి గంగలో పిడికెడు పిడికెడు ఇసుక పోస్తూ కూర్చున్నాడు. ఏమిటయ్యా ఇది అంటే, వంతెన కడుతున్నానన్నాడు. యవక్రీతుడు నవ్వాడు గాని తన పట్టు విడువలేదు. వరం పొందాడు, గర్వించాడు, రైభ్యుని కోడలిపట్ల చేయరాని పని చేశాడు, ఆ కోపంలో పుట్టిన రాక్షసుని చేతిలో చచ్చాడు. తిరిగి బ్రతికిన తర్వాత అతడు దేవతలను అడిగినదీ ఒక్క ప్రశ్నే: నాకూ వేదాలు వచ్చు గదా, రైభ్యుడు నన్నెట్లా చంపగలిగాడని. ఆయన కష్టపడి, గురువులను సేవించి నేర్చుకున్నాడు, నువ్వు అట్లా నేర్చుకోలేదు అన్నారు వాళ్ళు.

ఇంత వ్రాసి ఒకటి దాచడం న్యాయం కాదు. పదవీ విరమణకు అయిదేళ్ళ ముందు ఒక ప్రచురణకర్త అడిగితే పదవ తరగతి తెలుగుకు ప్రశ్నోత్తరాల గైడు వ్రాసి ఇచ్చాను. పద్యం చదవనక్కరలేదు, ప్రతిపదార్థం కంఠస్థం చేస్తే మార్కులు వస్తాయి. మా అమ్మాయి పెళ్ళికి ఆ డబ్బు అక్కరకు వచ్చింది. పుస్తకం మీద నా పేరు వేయవద్దన్నాను, వేయలేదు.

నాటకం పూర్తిచేసి, సమాధానం పట్టుకొని తరగతికి వెళ్ళేసరికి పిల్లలకు చదువుకొనే సెలవులు ఇచ్చేశారు. ప్రశ్న అడిగిన ఆ అమ్మాయి మళ్ళీ పరీక్షల రోజున కనబడింది. గేటు దగ్గర చెట్టు క్రింద నిలబడి, గంట కొట్టేదాకా నా గైడే తిరగేస్తూ ఉంది.