రోబో మలుపు తప్పితే మొక్కకు ముప్పు

మదనపల్లె: టమోటా సాళ్ల మధ్య రోబోను తిన్నగా నడిపించడం కొంత సులువే. సాలు చివర దానిని కచ్చితంగా తిప్పడమే అసలు పరీక్ష. మలుపులో రెండు డిగ్రీల తేడా వస్తే 50 మీటర్లు సాగేసరికి యంత్రం సుమారు 1.75 మీటర్లు పక్కకు జరుగుతుంది. పక్క సాలులోని మొక్కలు చక్రాల కింద నలుగుతాయి. టమోటా విస్తారంగా పండే మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలకు ఇది చిన్న విషయం కాదు. మదనపల్లెలో 1998లో మిట్స్, కుప్పంలో 2001లో ఇంజినీరింగ్ కళాశాల వెలిశాయి. రోబో ప్రాజెక్టు చేపట్టే విద్యార్థికి తొలుత ఎదురయ్యే చిక్కు కూడా ఈ మలుపే.

కాలాన్ని నమ్మితే చిక్కే

'అర సెకను తిరుగు' అని ఆదేశిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఒకలా, తగ్గినప్పుడు మరోలా తిరుగుతుంది. అందుకే చక్రానికి ఎన్‌కోడర్ బిగించి చుట్లు లెక్కిస్తారు. చక్రాల మధ్య దూరం 15 సెంటీమీటర్లయితే, ఉన్నచోటనే 90 డిగ్రీలు తిరగడానికి ఒక్కో చక్రం 11.8 సెంటీమీటర్లు దొర్లాలి. చక్రం వ్యాసం 6.5 సెంటీమీటర్లు, ఎన్‌కోడర్ బిళ్లకు 20 గాట్లు ఉంటే ఒక్క గాటు తేడా దాదాపు 8 డిగ్రీలకు సమానం. బిళ్లను గేర్లకు ముందే, మోటారు ఇరుసుకు అమరిస్తే లెక్క సూక్ష్మమవుతుంది. అయినా వదులు మట్టిలో చక్రం జారితే ఆ సంగతి ఎన్‌కోడర్‌కు తెలియదు.

జైరో సాయం

ఆ లోటును జైరోస్కోప్ తీరుస్తుంది. అది సెకనుకు ఎన్ని డిగ్రీల వేగంతో తిరుగుతున్నదో చెబుతుంది. దానిని కాలంతో గుణించి కూడుతూ పోతే తిరిగిన కోణం తెలుస్తుంది. అయితే కదలకుండా ఉన్నా సెకనుకు 0.1 డిగ్రీ చూపే జైరో నిమిషంలో 6 డిగ్రీలు తప్పుతుంది. కనుక బయలుదేరే ముందు రోబోను కొన్ని సెకన్లు నిశ్చలంగా ఉంచి, ఆ సగటును తీసివేయాలి. చివరి 15, 20 డిగ్రీల్లో వేగం తగ్గించాలి. లేకుంటే విసురుకు గీత దాటిపోతుంది. దిక్సూచి సెన్సార్‌ను మోటార్ల అయస్కాంతాలు, దగ్గరలోని ఇనుము తప్పుదారి పట్టిస్తాయి.

చంద్రునిపై భూమికి ఉన్నట్టి అయస్కాంత క్షేత్రం లేదు కనుక అక్కడ దిక్సూచి పనికే రాదు. శ్రీహరికోట నుంచి 2023 జులై 14న బయలుదేరిన చంద్రయాన్-3లోని ప్రజ్ఞాన్ రోవర్ కెమెరా చిత్రాలు పంపగా, వాటిని చూసి శాస్త్రవేత్తలు దారి నిర్ణయించారు. ఆగస్టు 27న 3 మీటర్ల ఎదుట 4 మీటర్ల వ్యాసంగల గొయ్యి కనిపించడంతో దానిని వెనక్కు మళ్లించారు.

సరిచూసే పద్ధతి

మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన బోరెన్‌స్టైన్, ఫెంగ్ 1990లలో రూపొందించిన పరీక్షకు ఖర్చు లేదు. నేలపై చతురస్రం గీసి రోబోను దాని వెంట సవ్యంగా, అపసవ్యంగా పలుమార్లు నడిపి, బయలుదేరిన చోటికి ఎంత దూరంలో ఆగిందో కొలవాలి. ఒక్క వైపే నడిపితే ఒక దోషం మరొక దోషాన్ని కప్పిపుచ్చే ప్రమాదముంది.