మధ్యయుగ కోటలు, గుళ్లు (ఉత్తర తెలంగాణ)

శ్రీరాంపూర్ బొగ్గుగనుల చుట్టుపక్కల గోదావరి, మానేరు తీరాల్లో మధ్యయుగపు కోటలు చాలానే ఉన్నాయి. మందమర్రి దగ్గర బొక్కలగుట్ట అడవిలో గాంధారి ఖిల్లా, గోదావరి దక్షిణాన రామగిరి, కరీంనగర్ పక్కన ఎలగందల, నగునూరు, ఇంకొంచెం దూరంలో మొలంగూరు, జగిత్యాల. వీటిలో దేని గురించి అడిగినా ముందుగా వినిపించేది ఒక రాజు పేరు, లేదా కాకతీయుల పేరు. కానీ ఈ కోటలు ఏ ఒక్కరి చేతిలోనూ పూర్తయినవి కావు. ఎలగందల ఇందుకు మంచి ఉదాహరణ. కాకతీయుల తర్వాత బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొఘలులు, అసఫ్‌జాహీలు వరుసగా ఆ గుట్టను ఏలారు. గుట్ట మీద నరసింహస్వామి గుడీ ఉంది, మసీదూ ఉంది. అక్కడి మినార్లను అసఫ్‌జాహీల కాలంలో, 1754లో, జఫరుద్దౌలా కట్టించాడు. 1905 దాకా జిల్లా పాలన అక్కడినుంచే నడిచి, ఆ తర్వాత కరీంనగర్‌కు మారింది. ఇన్ని చేతులు పడ్డ కట్టడానికి ఒక్కరినే కర్తగా చెప్పడం చరిత్ర కాదు. ఏ గోడ ఎప్పటిది, ఏ భయంతో కట్టారు అన్న ప్రశ్నలతోనే దాన్ని చదవాలి.

ఈ చదువుకు మొదటి ఆధారం కట్టడమే. ఇక్కడి నేలలో రెండు రకాల రాయి ఉంది. కరీంనగర్ వైపు గట్టి నల్లరాతి గుట్టలు. గోదావరి లోయలో బొగ్గుపొరలను మోసే ఇసుకరాయి. గాంధారి ఖిల్లా ఈ ఇసుకరాతి గుట్టల మీదిది. మెత్తని రాయి కాబట్టే అక్కడ గోడ పేర్చడం కన్నా గుట్టనే తొలిచి మెట్లు, దేవతామూర్తులు మలచడం తేలికైంది. ఆ తర్వాత చూడవలసింది ఆయుధాన్ని. వరంగల్లు మీదికి 1309–10లో వచ్చిన ఢిల్లీ సేన ముట్టడిని వర్ణిస్తూ అమీర్ ఖుస్రో బయటి మట్టికోటను, లోపలి రాతికోటను వేర్వేరుగా చెప్పాడు. రాళ్లు విసిరే యంత్రాల దెబ్బను మట్టికోట మింగేది. ఫిరంగులు వచ్చాక లెక్క మారింది. 1747లో కట్టిన జగిత్యాల ఖిల్లా గుట్ట మీద కాదు, చదును నేల మీద ఉంది. చుట్టూ కందకం, నక్షత్రంలా ముందుకు పొడుచుకొచ్చిన మూలలు. ఏ వైపునుంచి శత్రువు వచ్చినా రెండు బురుజుల తుపాకులకు దొరకాలన్నది ఐరోపాలో పుట్టిన ఆలోచన. ఆ కోట ఆకారమే దాని శతాబ్దాన్ని చెబుతుంది.

రెండో ఆధారం శాసనం, అది ఎక్కువగా గుళ్లలో దొరుకుతుంది. అందుకే కోటను, గుడిని విడదీసి చదవకూడదు. హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి కాకతీయ రుద్రదేవుడి శాసనం రెండో ప్రోలరాజు మంత్రకూటపు గుండరాజును ఓడించిన సంగతి చెబుతుంది. ఆ మంత్రకూటం నేటి మంథని అని చరిత్రకారులు గుర్తించారు. అంటే మన ప్రాంతంలోని అధికారం చేతులు మారిన కథ హనుమకొండ రాతి మీద ఉంది. రామప్ప గుడిని కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించాడని అక్కడి శాసనమే చెబుతుంది. కరీంనగర్ జిల్లా శాసనాలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి సంపుటంగా వెలువరించారు. ఈ కోటల దగ్గరికి వెళ్లే ముందు దాన్ని తిరగేయడం మేలు.

కోటను ఇలా పొరలుపొరలుగా చదవడానికి రెండు అభ్యంతరాలున్నాయి. ఇన్ని పొరలంటే కాకతీయుల ఘనత తగ్గిపోతుందని కొందరి బాధ. తగ్గదు. తర్వాతి పాలకులు అదే గుట్టను ఎంచుకున్నారంటే తొలి ఎంపిక ఎంత సరైనదో తెలుస్తుంది. ఫ్రాన్సులోని కార్కసోన్ కోటలో పునాది రోమన్లది, పై గోడలు మధ్యయుగానివి, కప్పుల్లో చాలాభాగం 19వ శతాబ్దపు మరమ్మతు. ఈ సంగతి తెలిసినందువల్ల దాని గౌరవం పోలేదు. రెండో అభ్యంతరం బలమైనది. గాంధారి ఖిల్లా వంటి చోట్ల రాతకన్నా మాటే ఎక్కువ, మాటను చరిత్రగా ఎలా తీసుకుంటాం అన్నది. తేదీ కోసం తీసుకోలేం, నిజమే. కానీ మాఘమాసంలో అక్కడ మైసమ్మ జాతర చేసే నాయకపోడుల సంప్రదాయం, ఆదిలాబాద్ గోండు రాజుల కథలను కిక్రీ వాయిస్తూ పాడే పర్ధానుల నోటి చరిత్ర ఒక విషయం ఖాయంగా చెబుతాయి: కోట పాడుబడ్డాక కూడా దాన్ని తమదనుకున్నది ఎవరు, దానికి ఏ అర్థం ఇచ్చారు అని. రాజుల శాసనాల్లో ఈ మనుషులు కనబడరు. వారి మాటను పక్కన పెడితే అడవి కోటల చరిత్రలో సగం మిగలదు.

కాబట్టి గోడను, శాసనాన్ని, జాతర పాటను మూడింటినీ ఒకదానితో ఒకటి సరిచూసుకోవాలి. చెట్లు ఆకు రాల్చే ఎండాకాలపు మొదట్లో గోడల వరస స్పష్టంగా కనిపిస్తుంది. అక్షరాలున్న రాయి ఎదురైతే దానికి సున్నం గానీ రంగు గానీ పూయకండి, సుద్దతో దిద్దకండి. పొద్దు వాలే వేళ పక్కవెలుతురులో ఫొటో తీసి వారసత్వ శాఖకు తెలియజేయండి.